తెరమీది కర్మాగారము

ఒక కర్మాగారమును కట్టవలెనన్నచో ముందుగా దానిని కాగితముమీద కట్టవలెను. ఈ పని చాలకాలము రేఖాపటములతోనే జరిగినది. ఒక ఆవిరి గొట్టము పైనుండి చూచినట్లు ఒక పటములోను, ప్రక్కనుండి చూచినట్లు మరియొక పటములోను, దానిని మోయు ఉక్కు స్తంభములతో కలిసి ఇంకొక పటములోను కనబడెడిది. కొనవలసిన సామగ్రి జాబితాలో అదే గొట్టము నాలుగవసారి కనబడెడిది. ఆ గొట్టమును అరమీటరు జరుపవలసి వచ్చినచో ఈ నాలుగింటిని దిద్దవలెను. మూడింటిని దిద్ది నాలుగవదానిని మరచినచో, ఆ తప్పు పటము గీసిన గదిలో బయటపడదు. క్రేను గొట్టమును ఎత్తి పట్టుకొన్న దినమున బయటపడును.

ఈ చిక్కును తొలగించు మార్గమును అమెరికాలోని కార్నెగీ మెల్లన్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లో ఒక వ్యాసమున సూచించెను. కట్టడమును పటములలో గాక కంప్యూటరులో ఒకేచోట వర్ణించవచ్చుననియు, పటములును సామగ్రి లెక్కలును ఆ వర్ణనము నుండియే పుట్టవలెననియు, అప్పుడు మార్పును ఒకసారి చేసిన చాలుననియు ఆయన వాదము. నేడు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనియు, సంక్షిప్తముగా బిమ్ అనియు పిలువబడుచున్న పద్ధతికి మూలమైన ఆలోచనలలో ఇది ముఖ్యమైనది. ఇందులో వర్ణనము అను మాటను విద్యార్థులు గట్టిగా పట్టుకొనవలెను. వర్ణనము బొమ్మ కాదు. ఒక గొట్టము ఎక్కడ ఉన్నదో చెప్పుటతో వర్ణనము పూర్తికాదు. అది ఏ లోహముతో చేయబడినది, దాని గోడ మందమెంత, దానిలో ప్రవహించునదేమి, ఎంత పీడనమున, ఎంత ఉష్ణోగ్రతవద్ద ప్రవహించును, ఎక్కడ బయలుదేరి ఎక్కడ చేరును అనునవన్నియు వర్ణనములోని భాగములే.

ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులనేకులు నేడు ఈ సాఫ్ట్‌వేరును నేర్చుకొనుచున్నారు. నేర్చుకొనవలసినదే. అయితే కర్మాగారముల రూపకల్పనకై దీనిని నేర్పుచున్న తీరు ఈస్ట్‌మన్ చెప్పిన వర్ణనమును వదలి, తిరిగి బొమ్మవద్దకే పోవుచున్నది. ఈ లోపము చిన్నది కాదు.

ఇల్లు వేరు, కర్మాగారము వేరు

ఇప్పుడు వాడుకలోనున్న సాఫ్ట్‌వేరులు రెండు దారుల వెంట వచ్చినవి. ఒక దారి ఇండ్లు, కార్యాలయములు కట్టు వాస్తుశిల్పులది. 2000లో వెలువడి, 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన రివిట్ ఈ దారికి చెందినది. గోడ, తలుపు, కిటికీ, నేల, కప్పు దాని మొదటి అక్షరములు. రెండవ దారి రసాయన కర్మాగారములది. బ్రిటిష్ ప్రభుత్వము కేంబ్రిడ్జ్ నగరమున 1960ల దశాబ్దములో నెలకొల్పిన కంప్యూటర్ ఎయిడెడ్ డిజైన్ సెంటరులో, 1970ల దశాబ్దమున పీడీఎంఎస్ అను సాఫ్ట్‌వేరు తయారైనది. గొట్టము, వాల్వు, పంపు, రియాక్టరు దాని మొదటి అక్షరములు. ఆ కేంద్రమే 2001లో అవేవా అను పేరు పొందినది. ఆ సంస్థ హైదరాబాదులోను పనిచేయుచున్నది.

ఈ భేదము కేవలము చరిత్ర కాదు. ఇంటిలో గోడ ప్రధానము. నీటి గొట్టము గోడ ననుసరించి పోవును. కర్మాగారములో ప్రవాహము ప్రధానము. గోడలును, స్తంభములును ప్రవాహము ననుసరించి నిలుచును. చెరకు రసము మరలనుండి వడపోతకు, వడపోతనుండి మరుగు పాత్రలకు పోవు క్రమము ముందుగా నిర్ణయమగును. ఆ తరువాతనే పాత్రలకు చోటు, పాత్రలకు వేదికలు, వేదికలకు స్తంభములు, స్తంభములకు పునాదులు. అనగా కర్మాగారపు రూపకల్పనలో ఆలోచన లోపలినుండి బయటికి నడచును.

బోధన ఎట్లు జరుగుచున్నది?

శిక్షణ పాఠములలో ఎక్కువభాగము ఒకే క్రమమున నడచును. మొదట తెరమీది గుర్తుల పరిచయము. తరువాత గీతల చట్రము, స్తంభములు, దూలములు, గోడలు, కప్పు. ఆ పిమ్మట సిద్ధముగా ఉన్న వస్తువుల భాండారమునుండి పంపును, పాత్రను తీసి చట్రములో నిలిపి, వాటిని గొట్టములతో కలుపుదురు. తరువాత ఒకదానినొకటి ఢీకొను వస్తువులను కంప్యూటరు వెదకి ఎఱ్ఱగా చూపును. విద్యార్థి వాటిని జరిపి ఎఱుపును పోగొట్టును. చివరకు రంగులు వేసి, నమూనాను గుండ్రముగా త్రిప్పి చూపినచో పాఠము ముగియును.

ఇందులో మెచ్చుకొనదగినవి లేకపోలేదు. కాగితముమీది మూడు పటములను మనస్సులో కలిపి ఒక ఘనరూపమును ఊహించుట చాలమంది విద్యార్థులకు కష్టము. ఆ కష్టమును తెర తొలగించినది. దూలమునకు గొట్టము తగులుట, కేబులు పళ్ళెమునకు గాలిగొట్టము అడ్డువచ్చుట వంటి తప్పులను కట్టకముందే పట్టుకొనుట గొప్ప లాభము. ఒకచోట మార్చినది అన్ని పటములలోను మారుట ఈస్ట్‌మన్ కోరిన ఫలమే. ఈ గుణములను తక్కువచేసి మాటాడువాడు పాత పటముల గదిలోని శ్రమను ఎఱుగనివాడే.

అయితే పై క్రమములో ఒక ప్రశ్న ఎక్కడను వినబడదు: గొట్టము అక్కడనే ఎందుకు ఉండవలెను? ఈ ప్రశ్న లేనందువలన కలుగు నష్టములను ఒక్కొక్కటిగా పరిశీలింపవచ్చును.

చల్లని నమూనా, వేడి గొట్టము

తెరమీది గొట్టమునకు ఉష్ణోగ్రత ఉండదు. పొడవు 50 మీటర్లని వ్రాసినచో అది ఎల్లప్పుడు 50 మీటర్లే. నిజమైన ఉక్కు గొట్టము అట్లుండదు. ఉక్కు ఒక మీటరు పొడవునకు, ఒక డిగ్రీ వేడికి, సుమారు ఒక మీటరులో పదిలక్షలవంతులు పండ్రెండు చొప్పున సాగును. 30 డిగ్రీలవద్ద అమర్చిన 50 మీటర్ల గొట్టములో 230 డిగ్రీల ఆవిరిని పంపినచో పెరుగుదల ఇట్లుండును: 50ని 200తోను, 0.000012తోను గుణింపగా 0.12 మీటరు. అనగా 12 సెంటీమీటర్లు, ఇంచుమించు ఒక జానెడులో సగము కంటె ఎక్కువ. ఉన్నత పాఠశాల విద్యార్థి వేయదగిన లెక్కయే ఇది.

ఈ పెరుగుదలకు చోటివ్వక గొట్టమును రెండు కొనలయందు గట్టిగా బిగించినచో దానిలో పుట్టు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 480 న్యూటనులు. సాధారణమైన ఉక్కు సుమారు 250 న్యూటనుల వద్దనే తన ఆకారమును శాశ్వతముగా కోల్పోవును. అందుకే ఆవిరి గొట్టములను నడుమనడుమ తలక్రిందుగా నిలిపిన లాడమువలె వంచి, ఆ వంపు సాగుదలను మ్రింగునట్లు చేయుదురు.

వస్తువులను కలుపుట మాత్రమే నేర్చిన విద్యార్థికి ఆ వంపు వ్యర్థముగా కనబడును. దానిని తీసి తిన్నగా చేసినచో సామగ్రి జాబితాలో గొట్టము పొడవు తగ్గును. నాలుగు మోచేతి ముక్కలు మిగులును. నమూనా ముచ్చటగా కనబడును. ఢీకొనుటను వెదకు భాగము ఒక్క ఎఱ్ఱ చుక్కనైనను చూపదు. తప్పు చేసినవానికి పొదుపు చేసినట్లు కనబడుట ఈ బోధనలోని మొదటి ప్రమాదము.

ఎఱ్ఱ చుక్క లేనంత మాత్రాన

రెండవ ప్రమాదమునకు ఒక చారిత్రక నిదర్శనము కలదు. ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో వద్ద నైలానుకు కావలసిన ముడిపదార్థమును తయారుచేయు కర్మాగారము ఉండెను. అందులో ఆరు రియాక్టరులు వరుసగా, ఒకదానికంటె తరువాతది 14 అంగుళములు పల్లముగా ఉండునట్లు అమర్చబడినవి. ద్రవము తన బరువుచేతనే ఒకదానినుండి మరొకదానికి పారుటకు ఈ మెట్ల ఏర్పాటు. 1974 మార్చి చివర అయిదవ రియాక్టరులో పగులు కనబడగా దానిని తీసివేసి, నాలుగవదానిని ఆరవదానితో ఒక తాత్కాలికపు గొట్టముచే కలిపిరి. రియాక్టరుల ద్వారములు 28 అంగుళములవి. దొరకిన గొట్టము 20 అంగుళములది. ఎత్తులు వేరగుటచే గొట్టమును రెండుచోట్ల వంచవలసివచ్చెను. రెండు కొనలయందును సాగుటకు, ముడుచుకొనుటకు వీలైన బెల్లోస్ అను మడతల కీళ్ళు ఉండెను. గొట్టము క్రింద పరంజా కఱ్ఱలవలె ఇనుప గొట్టములను ఊతగా నిలిపిరి.

ఈ మార్పునకు గీసిన పటమొక్కటే: పనిశాల నేలమీద సుద్దతో అసలు పరిమాణమున గీసిన గీత. ఆకారము దృష్ట్యా ఆ గీతలో తప్పులేదు. గొట్టము చక్కగా అమరినది, దేనికిని తగులలేదు, రెండునెలలు పనిచేసినది. 1974 జూన్ 1న అది తెగి, సుమారు 155 డిగ్రీల వేడితో పీడనమున నున్న సైక్లోహెక్సేను ఆవిరిగా వెలువడి పేలెను. 28 మంది మరణించిరి. అందులో 18 మంది నియంత్రణ గదిలో ఉన్నవారే.

విచారణ సంఘము తేల్చినదేమనగా, ఆ వంకర గొట్టముపై పీడనము కలిగించు బలములను ఎవ్వరును లెక్కవేయలేదు. ఆ లెక్క కఠినమైనది కాదు. 28 అంగుళములు సుమారు 71 సెంటీమీటర్లు. అంత వ్యాసముగల వృత్తపు వైశాల్యము సుమారు 3,960 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 8.8 కిలోగ్రాములు. రెండింటిని గుణించినచో ఇంచుమించు 35 టన్నుల త్రోపు. గొట్టము తిన్నగా ఉన్నచో రెండు కొనల త్రోపులు ఒకే రేఖపై ఎదురెదురుగా నిలిచి ఒకదాని నొకటి సరిపెట్టుకొనును. గొట్టము వంకరగా ఉన్నచో ఆ రెండును వేర్వేరు రేఖలపై పనిచేసి గొట్టమును మెలిత్రిప్పును. తలుపును త్రోయుట, చక్రమును త్రిప్పుట ఉదాహరణములుగా చెప్పబడు బలయుగ్మమే ఇది.

ఆ విచారణ నివేదిక వెలువడినది 1975లో. ఈస్ట్‌మన్ వ్యాసము వెలువడినదియు ఆ సంవత్సరముననే. నేడు అదే గొట్టమును అతి నవీనమైన సాఫ్ట్‌వేరులో గీసినచో ఏమగును? బెల్లోస్ భాండారములో దొరకును. 20 అంగుళముల గొట్టము 28 అంగుళముల ద్వారమునకు తగిన ముక్కతో కలియును. ఢీకొనుటలేవియు లేవని తెర చెప్పును. నేలమీది సుద్దగీత అద్దమువంటి తెరపై రంగులతో నిలుచును. తప్పు మాత్రము అట్లే నిలుచును. నమూనా ఢీకొనుటను చూడగలదు, బలమును చూడలేదు. బలమును చూచుటకు వేరు గణన సాధనములు కలవు. కాని ఈ గొట్టమును ఆ గణనకు పంపవలెనని గుర్తించువాడు గొట్టమును గీయుచున్నవాడే. వానికి అనుమానము కలుగనిచో గణన జరుగదు.

ఖాళీ స్థలమునకు అర్థము

మూడవ లోపము ఖాళీ స్థలమును గూర్చినది. తెరమీద ఖాళీ అనగా ఏమియు లేనిచోటు. కర్మాగారములో చాలచోట్ల ఖాళీయే ముఖ్యమైన వస్తువు. వేడిమిని ఒక ద్రవమునుండి మరొకదానికి మార్చు యంత్రములో సన్నని గొట్టముల మోపు ఉండును. కొంతకాలమునకు వాటిలో పాచి పేరుకొనును. మోపును ముందుకు లాగి శుభ్రము చేయవలెను. మోపు ఆరు మీటర్లున్నచో యంత్రము ముందు కనీసము ఆరు మీటర్ల నేల విడువవలెను. అక్కడ స్తంభమును నిలిపినవాడు ఏ నియమమును మీరినట్లు తెర చెప్పదు. మొదటిసారి శుభ్రము చేయవలసివచ్చినప్పుడు మాత్రము కర్మాగారమే చెప్పును. ఇట్టి ఖాళీలను కూడ ఒక వస్తువువలె నమూనాలో గుర్తించి ఉంచు వీలు సాఫ్ట్‌వేరులలో కలదు. వీలున్నదని చెప్పుట సులభము. ఎక్కడ కావలెనో చెప్పుటకు యంత్రమును ఎఱిగి ఉండవలెను.

ఎత్తుల సంగతియు ఇట్టిదే. గాలి పీడనము నీటిని సుమారు 10.3 మీటర్లకు మించి ఎత్తలేదని విద్యార్థులు చదువుదురు. మరుగుటకు సిద్ధముగా ఉన్న నీటిని అంతకూడ ఎత్తలేదు. పంపు పీల్చిన వెంటనే ఆ నీరు గొట్టములోనే ఆవిరియగును. అందుచేతనే బాయిలరుకు వేడినీరు పంపు పంపును నేలమీదను, నీటి తొట్టిని దానికి చాల ఎత్తునను ఉంచుదురు. తొట్టిని క్రిందికి దింపి ఉక్కు వేదికను మిగిల్చితినని సంతోషించు విద్యార్థికి తెర అడ్డుచెప్పదు.

కొలత సాధనమును ఎక్కడ అమర్చవలెనను ప్రశ్న ఆంధ్రదేశమునకు బాగుగా తెలిసినదే. 2020 మే 7న విశాఖపట్నము చెంత ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి పదిమందికి పైగా మరణించిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము ఎత్తిచూపిన పలు కారణములలో ఒకటి, తొట్టి అడుగుభాగమున మాత్రమే ఉష్ణోగ్రతను కొలుచుచుండుట. వేడి ద్రవము తేలికయై పైకి చేరునని, పై పొరలు క్రింది పొరలకంటె వేడిగా ఉండవచ్చునని పాఠశాల పుస్తకము చెప్పును. తెరమీది నమూనాలో ఉష్ణమాపకము ఉన్నదా లేదా అని లెక్కించుట కంప్యూటరు పని. అది ఉండవలసినచోట ఉన్నదా అని అడుగుట మనిషి పని.

నమ్మదగిన సమాచారము ఏది?

నాలుగవ లోపము సమాచారమును గూర్చినది. నాలుగు అంగుళముల గొట్టమని పేరుగల దాని బయటి వ్యాసము నాలుగు అంగుళములు కాదు, 114.3 మిల్లీమీటర్లు, అనగా నాలుగున్నర అంగుళములు. ఆరు అంగుళముల దానిది 168.3 మిల్లీమీటర్లు. 14 అంగుళములు మొదలుకొని మాత్రమే పేరును, బయటి వ్యాసమును ఏకమగును. భాండారమునుండి గొట్టమును తీయువానికి ఈ సంగతి తెలియవలసిన అవసరమే రాదు, కంప్యూటరు సరియైన కొలతనే గీయును గనుక. కాని కర్మాగారములో టేపు పట్టి పాత గొట్టమును కొలిచి, దానికి క్రొత్తది తెప్పించవలసిన నాడు అవసరము వచ్చును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. భాండారములోని పంపు బోల్టులతో సహా కనబడును. దానిని చూచినవారు ఈ పంపు నిశ్చయమైనదని అనుకొందురు. నిజమునకు ఆ పంపును ఇంకను ఎవ్వరివద్దను కొనియుండకపోవచ్చును. కొన్నప్పుడు దాని పునాది బోల్టులు వేరుచోట్ల ఉండవచ్చును. ఈ ప్రమాదమును గుర్తించియే అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 2008లో నమూనాలోని వస్తువులకు 100 మొదలు 500 వరకు స్థాయిలను ఏర్పరచినది. ఒక వస్తువును గూర్చిన సమాచారమును ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పుట ఆ అంకెల ఉద్దేశము. పాఠములలో మాత్రము వీటిని ఎంత వివరముగా గీయవలెనను కొలతగానే ఎక్కువగా చెప్పుచున్నారు. అందము పెరిగినకొలది నిజము పెరిగినదను భ్రమ ఇక్కడనే పుట్టును.

ప్రతివాదము

శిక్షకుల పక్షమున చెప్పదగిన మాటలు రెండున్నవి. ఒకటి, సాఫ్ట్‌వేరు ఒక పనిముట్టు. రంపము పట్టుట నేర్పువాడు చెట్ల శాస్త్రమును నేర్పనక్కరలేదు. రెండు, బలములను లెక్కవేయు ఇంజనీర్లు, ప్రవాహమును నిర్ణయించు ఇంజనీర్లు వేరుగా ఉందురు. నమూనా తయారుచేయువాడు వారి మాట వినిన చాలును.

మొదటి మాటలో సగము నిజము కలదు. కాని వడ్రంగి రంపముతోపాటు కఱ్ఱ పొర ఎటు పోవుచున్నదో చూచుట నేర్చును. అది నేర్వనివాని చేతిలో మంచి రంపముకూడ కఱ్ఱను చీల్చును. రెండవ మాట పెద్ద సంస్థల విషయమున చాలవరకు చెల్లును. కాని ఫ్లిక్స్‌బరోలో ఆ మార్పు జరిగిన సమయమున అర్హతగల యాంత్రిక ఇంజనీరు పదవి ఖాళీగా ఉండెను. సలహా ఇచ్చువాడు లేని దినమున గీయువాని వివేకమే మిగులును. అదియుగాక, ఇంజనీరుకు ఏమి అడుగవలెనో తెలిసినవాడే సరియైన సమాధానమును పొందగలడు.

ఇక సమయము చాలదను మాట. పైని చూపిన లెక్కలలో గుణకారమును మించినది లేదు. సమయము చాలకపోవుట కాదు, క్రమము తలక్రిందులగుటయే అసలు చిక్కు.

ఏమి చేయవచ్చును?

కంప్యూటరులేని కాలమున పెద్ద కర్మాగారములకు ప్లాస్టిక్ ముక్కలతో చిన్న నమూనాలను తయారుచేసి బల్లలమీద ఉంచెడివారు. వాటిచుట్టును రూపకర్తయు, కర్మాగారమును నడుపువాడును, మరమ్మతు చేయువాడును నిలబడి, ఈ వాల్వు చేతికందునా, ఈ మూత తీయుటకు చోటున్నదా అని అడిగెడివారు. ఆ నమూనాను మార్చుట కష్టము. ఆ సంభాషణ మాత్రము విలువైనది. తెరమీది నమూనాను మార్చుట సులభము. సంభాషణను మాత్రము దానిచుట్టు తిరిగి ఏర్పరుపవలసియున్నది.

శిక్షణ ప్రవాహ పటముతో ఆరంభము కావలెను. ఏ ద్రవము ఎక్కడనుండి ఎక్కడికి, ఎంత వేడితో, ఏ వాల్వులగుండ పోవునో ఒక కాగితముమీద గీయని విద్యార్థికి తెర నీయరాదు. తరువాత ఒక చిన్న నిజమైన ఏర్పాటును తీసికొనవలెను. ఉప్పుడు బియ్యపు మిల్లులోని బాయిలరు, పాలను చల్లబరచు కేంద్రము, ఊరి రక్షిత మంచినీటి పథకపు పంపుగది, ఇవి తెలుగు జిల్లాలలో చాలచోట్ల దగ్గరనే ఉన్నవి. అనుమతి పొంది, తగిన జాగ్రత్తతో అక్కడికిపోయి గొట్టములను కొలిచి, చేతితో గీసి, ఆ పిమ్మట నమూనా చేయవలెను. నమూనాలోని ప్రతి పెద్ద వస్తువునకు ఇది ఇక్కడ ఎందుకున్నది అను ప్రశ్నకు రెండు వాక్యముల సమాధానమును జతపరుపుమనవలెను. సమాధానములేని వస్తువునకు మార్కులుండరాదు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఇందులో పాలుకలదు. పాఠశాలలో కంప్యూటరు ఉన్నను లేకున్నను, పాఠశాల నీటితొట్టినుండి కుళాయిలవరకు పోవు గొట్టములను పైనుండి, ప్రక్కనుండి చూచినట్లు గీయించవచ్చును. ఎండలో ఆ గొట్టము ఎంత సాగునో, చివరి కుళాయివద్ద నీరు ఎందుకు సన్నగా వచ్చునో, మూల వాల్వు పాడైనచో దానిని విప్పుటకు చేయి పట్టునో లేదో అడుగవచ్చును. వ్యాకోచము, పీడనము, బలయుగ్మము అను పాఠములు పరీక్షకై వల్లించు నిర్వచనములు కావనియు, కర్మాగారములో పనిచేయువారి ప్రాణములను కాపాడు లెక్కలనియు ఆ వయస్సులోనే తెలిసినచో, తరువాత ఏ సాఫ్ట్‌వేరు చేతికి వచ్చినను విద్యార్థి దానిని సరిగా ప్రశ్నింపగలడు.

సాఫ్ట్‌వేరుల పేర్లు మారును, తెరమీది గుర్తులు మారును; ఈనాడు నేర్చిన మీటలలో సగము పదియేండ్లకు ఉండకపోవచ్చును. వేడికి ఉక్కు సాగుట మారదు. వంకర గొట్టముపై పీడనము పనిచేయు తీరు మారదు. మారనిదానిని ముందు నేర్పి, మారుదానిని దానిపై నిలుపుట మంచి బోధన. ప్రస్తుతపు శిక్షణ ఈ క్రమమును తిరుగవేసినది. దానిని సరిచేయుటకు క్రొత్త యంత్రములు అక్కరలేదు, ఒక ప్రశ్నను మరల పాఠములోనికి తెచ్చిన చాలును.